గసాలుకు పెట్టిన లంఖణం

అమీర్‌పేట,
20 జూన్ 2005.

నా బంగారు బిడ్డ సంహితకు నానమ్మ బుచ్చమ్మ చెప్పి రాయిస్తున్నది.

మేమందరం బాగానే ఉన్నాము. నువ్వు ఆ హాస్టల్లో కడుపు నిండా తింటున్నావా లేదా అన్నదొక్కటే నా ఫికర్. చెప్తున్నది నేను. రాస్తున్నది మన కింది గదిలో బయోడేటాలు టైపు చేసే సూర్యనారాయణ గారు. కంప్యూటర్ మీద కొట్టి ఇస్తానన్నాడు. నా బిడ్డకు పోయే ఉత్తరం చేత్తోనే రాయాలి అన్నాను. ఈయనది గోదావరి వైపు. నేను ఒక తీరుగ చెప్తే ఈయన దాన్ని ఇస్త్రీ చేసి రాస్తాడు. చదివేటప్పుడు నా గొంతు నువ్వే పెట్టుకో.

ఆదివారం నీకు ఇచ్చేది రెండు నిమిషాల ఫోన్. అందులో ఒక నిమిషం మీ నాయనది, ఒక నిమిషం మీ అమ్మది. నా చేతికి వచ్చేసరికి బెల్లు కొడతారు. అందుకే ఈ ఉత్తరం.

విజయవాడ పోయే ముందు నీ గినీపిగ్గులు రెండింటినీ మీ అమ్మకు ఇయ్యకుండా నా ఒళ్ళో పెట్టావు. "నానమ్మకు జీవాల సంగతి తెలుసు" అన్నావు. అందరి ముందర అన్నావు. నిజమే కదా. పెండ్లయి ఈ పట్నం రాకముందు నలభై మేకల మందను ఒక్కదాన్నే కాచాను. కాబట్టి ఈ తోక లేని ఎలుకలు నాకొక లెక్క కాదు.

కాని బిడ్డా, ఒక మాట అడగాలి. తెల్లగా మీగడలాగా ఉండే జున్ను బాగానే ఉంది. నల్ల చుక్కల గసాలు ఉంది చూడు, అది కిందికి వంగి తన పెంటికలు తనే తింటోంది. ఛీ! చీపురు పుల్లతో అదిలించాను. అటు తిరిగి మళ్ళీ అదే పని. దాని కళ్ళలోంచి పాలలాగా తెల్లగా కారుతోంది కూడా. నలభై మేకల్లో ఏ మేకా ఇట్లా చేయలేదు. ఇది రోగమేనా? రోగమైతే రోగమని రాయి. మందు నాకు తెలుసు.

మీ అమ్మకు పంజాగుట్ట ఆఫీసులో పని ఎక్కువైంది. చెవులకు డబ్బాలు పెట్టుకుని, అమెరికా డాక్టర్లు టేపుల్లో గొణిగేదంతా విని టైపు కొడుతోంది. ఇంట్లో మనం చెప్పేది మాత్రం వినపడదు.

వేళకు తిను. నూనె పెట్టుకో.

నీ నానమ్మ
(వేలిముద్ర)

*

విజయవాడ,
27 జూన్ 2005.

నానమ్మా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే పక్క మంచం అమ్మాయి నిద్ర లేచి తిట్టింది. ఇక్కడ నవ్వడం అదే మొదటిసారి. పొద్దున్న ఐదున్నరకు లేపుతారు. మళ్ళీ పడుకునే దాకా లెక్కలే.

గసాలును అదిలించకు. అది రోగం కాదు. వాటికి పెంటికలు రెండు రకాలు. గట్టివి వదిలేస్తాయి. మెత్తవి మళ్ళీ తింటాయి. అట్లా తింటేనే తిండిలోని బలమంతా ఒంటికి పడుతుంది. నీ మేక నెమరు వేసేది కదా, ఇదీ అలాంటిదే అనుకో. కళ్ళలో తెల్లనిది కూడా మంచిదే. దాన్ని చేతులకు పూసుకుని మొహం కడుక్కుంటాయి. కళ్ళు పుసులు కట్టి మూసుకుపోతే మాత్రం చూపించాలి.

మనకు లాగే వాటి ఒంట్లో సి విటమిన్ తయారు కాదు. రోజూ ఒక జామ ముక్కో, ఉసిరికాయ ముక్కో, పచ్చ క్యాప్సికమో పెట్టు. ఎండుగడ్డి ఎప్పుడూ ముందర ఉండాలి. పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, అది నమిలితేనే అరుగుతాయి. వారానికోసారి వాటిని త్రాసులో తూచమని అమ్మకు చెప్పు. బరువు తగ్గితే మనకు ముందే తెలుస్తుంది.

ముఖ్యమైనవి రెండో పేజీలో విడిగా రాశాను. అది తప్పకుండా మొత్తం చదివించుకో.

నువ్వు ఉన్నావు కాబట్టే నాకు ఇక్కడ నిద్ర పడుతోంది.

నీ
సంహిత

*

అమీర్‌పేట,
12 జూలై 2005.

బంగారు బిడ్డకు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. చదివించుకున్నాను.

నువ్వు కంగారు పడవద్దు. ముందే చెప్తున్నాను, గసాలు బతికే ఉంది. నాలుగు రోజుల కింద దానికి కడుపు చెడింది. మీ అమ్మ ఆఫీసుకు పోయే తొందరలో నీళ్ళు కారుతున్న పాలకూర కట్ట అట్లనే దాని ముందర పడేసి పోయింది. నేను వద్దన్నాను. వింటే కదా. అది తిని పడిపోయింది. ఆటో పిలిపించి బంజారా హిల్స్ డాక్టర్ దగ్గరకు తీసుకుపోయాము. ఇప్పుడు మందులు వేస్తున్నాము. కొంచెం కొంచెం తింటోంది.

నేనున్నాను కదా. నువ్వు చదువు మీద మనసు పెట్టు.

మీ అమ్మతో ఈ మాట ఎత్తవద్దు. ఇప్పటికే ఆఫీసులో సెలవు పెట్టినందుకు ఆమెను ఏవో అన్నారట. ఇంట్లో గొడవ ఎందుకు.

సూర్యనారాయణ గారికి ఇవాళ తొందర ఉంది. అందుకని ఇంతే.

నానమ్మ
(వేలిముద్ర)

*

విజయవాడ,
17 జూలై 2005, ఆదివారం.

నానమ్మా,

ఇప్పుడే ఫోన్ పెట్టేసి వచ్చి రాస్తున్నాను.

గసాలు ఎట్లా ఉందని అమ్మను అడిగాను. "మస్తుగున్నది బిడ్డా, జామకాయ తింటున్నది" అంది. అంతే! పడిపోయిందని గానీ, డాక్టర్ దగ్గరకు పోయారని గానీ ఒక్క మాట లేదు. నాకేమీ తెలియదనుకుంది. "ఇంకేమన్నా చెప్పాలా అమ్మా?" అని కావాలనే అడిగాను. "ఏం లేదు" అంది. ఫోన్ పెట్టేశాను. ఇంకా ముప్పై సెకన్లు ఉన్నాయి.

తప్పు చేయడం వేరు నానమ్మా. తొందరలో ఎవరికైనా జరుగుతుంది. దాచిపెట్టడం వేరు. నన్ను ఇక్కడ చేర్చేటప్పుడు కూడా అంతే. "నీకు నచ్చకపోతే వచ్చెయ్" అంది. నచ్చలేదని చెప్పినప్పటి నుంచి ఆ మాట మరిచిపోయినట్టే ఉంటోంది.

నువ్వు లేకపోతే గసాలు చచ్చిపోయేది. ఇక నుంచి వాటిని అమ్మ ముట్టుకోవద్దని చెప్పు. నువ్వే పెట్టు, నువ్వే చూడు.

నీ
సంహిత

*

అమీర్‌పేట,
25 జూలై 2005.

బిడ్డా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. జవాబు చెప్పడానికి రోజూ మెట్లు దిగుతున్నాను, సూర్యనారాయణ గారి గదిలో ఎవరో ఒకరు ఉంటున్నారు. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు అయిపోయిన పిల్లలంతా బయోడేటాల కోసం వరస కట్టారు.

జున్ను నిన్న తుమ్మింది. గూట్లో వేసే రంపపు పొట్టు దుమ్ముగా ఉందని మీ అమ్మ అది తీసేసి పాత బట్టలు కోసి పరిచింది. తుమ్ములు ఆగాయి. గసాలు గోళ్ళు పెరిగి వంకర తిరిగితే వాటినీ మీ అమ్మే కత్తిరించింది. టార్చి లైటు పెట్టి, లోపలి రక్తపు గీత తగలకుండా, కొస మాత్రమే తీసింది. నాకు చెయ్యి రాలేదు.

నిన్న ఆదివారం ఫోన్‌లో నువ్వు మీ అమ్మతో మాట్లాడలేదు. "నాయనకు ఇయ్యి" అన్నావట. ఆమె నన్ను అడిగింది. "నేనేమన్న అన్ననా అత్తమ్మా దాన్ని?" అని. నాకేం తెలుసు అన్నాను.

నీకు ఒక మాట చెప్పాలి. తప్పంతా మీ అమ్మది కాదు. పాలకూర ఒక్కటే కాదు. నేను కూడా ఒక పూట దాని ముందర గడ్డి తీసేశాను. పెద్దదాన్ని నేను. తప్పు నాదే అనుకో. అనుకుని మీ అమ్మతో మాట్లాడు. వచ్చే నెల రెండో ఆదివారం మిమ్మల్ని చూడనిస్తారట కదా. మీ అమ్మ రావాలని చూస్తోంది.

నానమ్మ
(వేలిముద్ర)

*

విజయవాడ,
14 ఆగస్టు 2005.

నానమ్మా,

"అనుకో" అని రాయించావు చూడు, అక్కడే దొరికిపోయావు. నీ మాట అట్లా ఉండదు. నువ్వు తప్పు చేసి ఉంటే "చేశాను, ఏం చేస్తావ్?" అంటావు. అమ్మ చెప్పింది కాబట్టి నువ్వు మీద వేసుకున్నావు. నా దగ్గర మంచి అనిపించుకోవడానికి ఆమె నిన్ను అడ్డం పెట్టుకుంటుందని నేను అనుకోలేదు.

ఇవాళ వచ్చింది. నాకు టెస్ట్ ఉందని వాచ్‌మన్‌తో చెప్పించాను. టెస్ట్ లేదు. స్టడీ హాల్లో కూర్చున్నాను. కిటికీలోంచి గేటు కనపడుతుంది. ఎండలో నిలబడింది. మూడింటి దాకా ఉంది. తరవాత ఒక డబ్బా వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్ళిపోయింది. నేను తీసుకోలేదు. అతన్నే తినమన్నాను.

నాకు సంతోషంగా ఏమీ లేదు. కాని తప్పు చేసినవాళ్ళకు తెలియాలి కదా.

నీ ఒక్కదానికే రాస్తున్నాను. అమ్మకు చెప్పకు.

సంహిత

*

అమీర్‌పేట,
18 ఆగస్టు 2005.

సంహితా,

అక్షరాలు చూడగానే నీకు తెలిసి ఉంటుంది. రాస్తున్నది మీ అమ్మ. చింపకు. చెప్తున్నది నేను, బుచ్చమ్మను.

మీ అమ్మ నేర్పించి నాతో పలికిస్తోందని అనుకుంటావేమో. డెబ్బై ఏళ్ళలో నా నోట తన మాట పలికించిన మనిషి పుట్టలేదు. మీ తాత నలభై ఏళ్ళు ప్రయత్నం చేసి పోయాడు.

సూర్యనారాయణ గారు ఊళ్ళోనే ఉన్నాడు, నీ ఉత్తరం చదివి పెట్టింది ఆయనే. నిన్న ఆయన గది దాకా పోయి వెనక్కి వచ్చాను. చదువు రానిదానికి ఇదొక శిక్ష. తప్పు ఒప్పుకోవాలన్నా ఇంకొక మనిషి చెవిన పడకుండా ఒప్పుకునే దారి లేదు. ఎవరో ఒకరు వినక తప్పదంటే, వినవలసిన మనిషే వినాలి అనుకున్నాను. మీ అమ్మను కూర్చోబెట్టాను. ఏం రాయబోతోందో ఆమెకు తెలియదు. నీకంటే ఒక్క వాక్యం ముందు తెలుస్తుంది, అంతే.

సోమవారం పొద్దున ఆమె విజయవాడ నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే నాతో "పిల్లకు టెస్టున్నదంట అత్తమ్మా, పాపం దానికి బయటికొచ్చెతందుకు సుత తీరలే" అన్నది. అది టెస్టు కాదని, నువ్వు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావని మీ అమ్మకు ఇప్పుడే తెలుస్తోంది.

ఇక విను. పాలకూర లేదు. ఆ వారం మీ అమ్మ వాటికి చెడ్డది ఏదీ పెట్టలేదు. గురువారం నాడు నేనే నానబెట్టిన శనగలూ బెల్లం ముక్కా పెట్టాను. ఈనిన మేకకు పెట్టినట్టు. చిక్కిపోయిందనిపించింది, బలం పెడదామనుకున్నాను. శుక్రవారం పొద్దున దాని కడుపు జారింది. మన ఇంట్లో మనిషికైనా జీవానికైనా కడుపు చెడితే నేను చేసే వైద్యం ఒకటే, లంఖణం. మీ నాయనకు టైఫాయిడ్ వస్తే తొమ్మిది రోజులు లంఖణం పెట్టి బతికించానని చెప్తుంటాను కదా. ఆ కథ వినని మనిషి ఈ గల్లీలో లేడు.

గడ్డి తీసేశాను. ఒక పూట కాదు. గసాలును బట్టల గంప కింద మూసి, పక్కన వాము నీళ్ళు పెట్టాను. శుక్రవారం సాయంత్రం మీ అమ్మ "గసాలేది?" అని అడిగితే "పండుకున్నది, ముట్టకు" అన్నాను. శనివారానికి పెంటికలు ఆగిపోయాయి. "సూసినవా, కడుపు కట్టేసింది" అని మీ నాయనతో గొప్పగా చెప్పుకున్నాను. దాని పేగు ఆగిపోయిందని నాకు తెలియదు. నయమైందని అనుకున్నాను.

శనివారం సాయంత్రం మీ అమ్మ వచ్చి గంప ఎత్తింది. అది ముద్దలాగా ముడుచుకుని, బొచ్చు లేపుకుని, పళ్ళు పటపట కొరుకుతోంది.

"ఎప్పటిసంది తింటలేదు అత్తమ్మా?"

"లంఖణం పెట్టిన. నీకేమెరుక, పో."

నాతో కొట్లాడలేదు. చున్నీలో చుట్టుకుని రోడ్డు మీదికి ఉరికింది. నేను వెనకనే ఆటో ఎక్కాను. ఆటో నేను పిలిపించలేదు.

డాక్టర్ దాని పొట్ట ఒత్తి చూసి మీ అమ్మను బాగా తిట్టాడు. "వీటి పేగు ఎప్పుడూ నడుస్తూనే ఉండాలమ్మా. తిండి ఆగితే పేగు ఆగుతుంది, పేగు ఆగితే ప్రాణం పోతుంది. ఇంకొక్క పూట అయితే మీరు తెచ్చినా లాభం లేదు. చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, పస్తు పెట్టమని ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"మాకు తెల్వక అయింది డాక్టర్ గారూ" అన్నది మీ అమ్మ. మాకు అన్నది. నా దిక్కు చూడలేదు. చూసి ఉంటే అక్కడే కొట్లాడి ఉండేదాన్ని. చూడలేదు. అందుకే నాకు నిలబడడానికి చోటు లేకపోయింది.

రెండు రోజులు సెలవు పెట్టింది. కొత్త ఉద్యోగం, సెలవు లేదన్నారు, అయినా పెట్టింది. సూది లేని సిరంజితో రెండు గంటలకొకసారి మెత్తటి తిండి దాని దవడ పక్క నుంచి చుక్క చుక్క పోసింది. పొట్ట నిమిరింది. మూడో నాడు గసాలు ఒక్క పెంటిక వేసింది. మీ అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని ముత్యం దొరికినట్టు నాకు చూపించింది. నేను మొహం తిప్పుకున్నాను.

నీ మొదటి ఉత్తరం రెండో పేజీ అప్పటి దాకా నేను చదివించుకోలేదు. నెమరు మాట దగ్గర సూర్యనారాయణ గారిని ఆపేశాను. "సాలు తియ్యి, మ్యాకల సంగతి నాకు చెప్తదా ఇది" అన్నాను. గసాలు బతికాక చదివించుకున్నాను. తిండి మానేసినా, పెంటికలు ఆగినా, ముడుచుకుని కూర్చున్నా ఒక్క పూట కూడా ఆగకుండా అమ్మతో చెప్పమని రాశావు. కడుపు జారినా సరే గడ్డి మాత్రం తీయవద్దని కింద గీత కూడా గీశావట. ఆయన చదువుతుంటే ఆ గీత ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను.

ఆ వెంటనే నీకు ఉత్తరం రాయించాను. నిజం చెప్పడానికే కూర్చున్నాను. "నానమ్మకు జీవాల సంగతి తెలుసు" అని అందరి ముందర అన్నావు చూడు, ఆ మాట నాకు అడ్డం పడింది. నోట్లోంచి పాలకూర వచ్చింది. సూర్యనారాయణ గారు కలం ఆపి "ఇది నిజమేనా అండీ?" అన్నాడు. "పొద్దుగాల్నుంచి పది మందికి మూడేండ్ల నౌకరీ చేసిండ్రని లేని కంపెనీల పేర్లు రాస్తవు, నా ఒక్క ముక్కకు నీతి అడ్డమొచ్చిందా నీకు?" అన్నాను. "వాళ్ళు చెప్పేది కంపెనీలకండీ. మీరు చెప్పేది పిల్లకి" అన్నాడు. అయినా రాయించాను.

నీకు ఆమె ఫోన్‌లో చెప్పకపోవడం ఎందుకో ఇప్పుడు అర్థమైందా? దాచింది తన తప్పు కాదు. నాది. "అనుకో" అని నేను రాయించింది కూడా నా పిరికితనమే. ఆ మాటలో తేడాను నువ్వు సరిగ్గానే పట్టావు, మనిషి దగ్గర మాత్రం పొరబడ్డావు.

పాలకూర అన్న మాట దగ్గర మీ అమ్మ కలం ఆగింది. నేను గోడ దిక్కు చూస్తూ చెప్తున్నాను. "రాసినవా?" అన్నాను. "రాసిన. చెప్పుండ్రి" అన్నది. అంతే అన్నది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు కలం కింద పెట్టింది. "వచ్చే నెల దానికి పరీక్షలున్నయ్ అత్తమ్మా. ఈ ఉత్తరం ఇప్పుడు పోతే పిల్ల మనసు చెదురుతది. నా మీద కోపమే కదా, పరీక్షలయ్యేదాక ఉండనీయుండ్రి. మీ మీద సుత కోపమొస్తే ఇంట్ల దానికి ఇంకెవరున్నరు?" అంటోంది.

ఈ మాట కూడా రాయి అన్నాను. రాయనన్నది. రాయమన్నాను. కొంగుతో మొహం తుడుచుకుని రాసింది.

గేటు దగ్గర మీ అమ్మను మూడింటి దాకా నిలబెట్టింది నువ్వు కాదు బిడ్డా, నేను. ఆ కోపం నాది. నాకే ఇయ్యి.

కవరు అంటించి నా చేతికి ఇమ్మన్నాను. ఈమెను నమ్మితే నీ పరీక్షలు అయ్యేదాకా బీరువాలో దాస్తుంది. పోస్టు డబ్బా దాకా నేనే నడిచి పోతున్నాను.

బుచ్చమ్మ
(వేలిముద్ర)